ఇంటిలోపలి తలుపులు



మదనపల్లె నుండి కురబలకోటకు పోయే దారిలో అంగళ్ళు దాటినవారికి రోడ్డుకు రెండువైపులా కొత్త ఇళ్ళు కనిపిస్తాయి. ఒకప్పుడు వేరుసెనగ, టమాట పండిన చేలలో నేడు మేడలు లేచినవి. వాటిలో చాలా ఇళ్ళకు ముందు చూడముచ్చటైన తలవాకిలి ఉంటుంది. నున్నగా చిత్రిక పట్టిన టేకు చెక్క, దానిమీద మామిడి పిందెలు, కలశాలు, ఏనుగులు, కొందరి ఇళ్ళలో గజలక్ష్మి. ఆ ఒక్క తలుపు కొరకు తాను ఎన్ని ఊళ్ళు తిరిగినదీ, ఎన్ని అడితీలు చూచినదీ, ఎందరు ఆచారులతో మాట్లాడినదీ ఇంటి యజమాని సంతోషంగా చెప్పుకొంటాడు. “లోపలి తలుపుల సంగతి ఏమి చేశారు?” అని అడిగితే మాత్రం, “అవి మామూలువేనండీ, అంగడిలో తెచ్చి బిగించినాము” అని తేలికగా అనేస్తాడు.

ఎనిమిది సంవత్సరాల క్రితం నన్ను అడిగి ఉంటే నేనూ అదే సమాధానం చెప్పి ఉండేవాడిని. ఇప్పుడు అట్లా చెప్పలేను. ఎందుచేత చెప్పలేనో మీకు మనవి చేసి, ఇల్లు కట్టుకొనేవారు లోపలి తలుపుల విషయంలో ఏమేమి చూచుకోవాలో ముచ్చటించడమే ఈనాటి నా ప్రసంగం ఉద్దేశం.

మన సీమలో తలుపును వాకిలి అంటాము. కోస్తా జిల్లాలవారికి వాకిలి అంటే ఇంటిముందరి స్థలం. “వాకిలి వెయ్యి” అని మనవారు అంటే, ముంగిట కల్లాపి చల్లమన్నారేమోనని కొత్తకోడలు అనుమానపడిన ఇళ్ళు లేకపోలేదు. తెలంగాణంలో అదే దర్వాజా. పేరు ఏదైనా, ఇంటి ప్రధాన ద్వారానికి ‘తలవాకిలి’ అని పెట్టిన పేరులోనే ఒక గౌరవం ఉన్నది. లోపలి వాటికి అట్టి ప్రత్యేకమైన పేరు లేదు. అందుకు కారణం కూడా ఉన్నది. వెనుకటి మట్టిమిద్దెలలో లోపలి తలుపులు చాలా తక్కువ. పడసాలకు, నట్టింటికి, వంటింటికి మధ్య ద్వారబంధాలు ఉండేవి కాని, అన్నింటికీ రెక్కలు ఉండేవి కావు. ధాన్యమూ, నగానట్రా దాచుకొనే చీకటిగదికి ఒక గట్టి తలుపు, దానికొక గొళ్ళెం. మిగిలిన చోట్ల మహా అయితే ఒక పాతచీర తెర. స్నానం పెరటిలో, మరుగు ఊరి బయట.

నేటి ఇల్లు అట్టిది కాదు. స్నానాలగది, మరుగుదొడ్డి ఇంటిలోపలికి వచ్చినవి. పెద్దలకు ఒక పడకగది, పిల్లలకు చదువుకొనే గది, ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేసే కోడలికి ఒక గది కావలసివచ్చినవి. సామాన్యమైన ఇంటిలో సైతం లోపలి తలుపులు ఆరు, ఏడు ఉంటాయి. రాత్రింబవళ్ళు మన చేయి పడేది వీటిమీదనే. నిద్ర, చదువు, స్నానం, జబ్బు, మనిషికి కావలసిన కొంత ఏకాంతం, ఇవన్నీ ఈ తలుపుల వెనుకనే జరుగుతాయి.

మా నాయనగారు ఉద్యోగ విరమణ చేసిన తరువాత కురబలకోటలో మా పాత ఇంటి స్థలంలో కొత్త ఇల్లు కట్టాము. తలవాకిలి కొయ్య కొరకు నేను ఆరు నెలలు తిరిగినాను. లోపలి తలుపుల దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోయినది; గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడినది. గోడల పూతలో ఇంకా చెమ్మ ఆరలేదు. ఒక అంగడిలో ఆరు తలుపులు, అన్నీ ఒకే మాదిరివి, బేరమాడి కొని రెండు రోజులలో బిగించే ఏర్పాటు చేశాను. పని చేయడానికి వచ్చిన పెద్ద ఆచారిగారు గోడమీద అరచేయి ఆనించి చూచి, “నాయనా, గోడ ఇంకా పచ్చిగా ఉండాది. ఈ తేమంతా వాకిలి తాగుతుంది. ముహూర్తానికి తలవాకిలి చాలు, లోపల తెరలు కట్టుకోండి. నెల పోయినాక నేనే వచ్చి బిగిస్తా” అని చెప్పినారు. నేను వినలేదు. చుట్టాలు వచ్చే ఇంట్లో స్నానాలగదికి తెర కడితే ఏమనుకొంటారోనని నా బాధ.

కార్తీకమాసంలో వానలు పట్టినవి. తలుపులు ఒక్కొక్కటే బిగిసికొన్నవి. స్నానాలగది తలుపు భుజం పెట్టి నెట్టితే కాని తెరుచుకొనేది కాదు. ఎండలు వస్తే అదే సర్దుకొంటుందిలే అనుకొన్నాము. ఒకనాడు తెల్లవారుజామున మా నాయనగారు ఆ గదిలో జారిపడ్డారు. పడడం తలుపుకు అడ్డంగా పడ్డారు. ఆ తలుపు లోపలికి తెరుచుకొనేది. పైగా లోపల గడియ వేసి ఉన్నది. గడియ ఊడగొట్టినా, తలుపు నెట్టితే ఆయనమీదికే నెట్టాలి. ఆయన లోపలినుండి, “నిదానం అబ్బా, తొందరపడొద్దు” అని మాకే ధైర్యం చెప్పుతున్నారు. చివరకు పక్కింటి కుర్రవాడొకడు, సన్ననివాడు కాబట్టి, వెంటిలేటరు అద్దపు పలకలు తీసి దానిగుండా లోపలికి దిగి ఆయనను పక్కకు జరిపితే తలుపు తెరువగలిగినాము. అంతలో ముప్పావుగంట గడిచినది. తుంటిఎముక విరిగినది. శస్త్రచికిత్స జరిగి ఆయన మరల లేచి నడిచినారు కాని, చేతికర్ర లేకుండా ఆ తరువాత ఎన్నడూ నడవలేదు.

ఆయన పడడానికి తలుపు కారణం కాదు. ముప్పావుగంట సేపు చన్నీళ్ళ నేలమీద ఆయన పడి ఉండడానికి మాత్రం తలుపే కారణం. ఆ తలుపును ఎంచినవాడిని నేను.

కాబట్టి మొదటి మాటగా స్నానాలగది సంగతి చెప్పుతాను. ఆ గది తలుపు వీలయినంతవరకు బయటికి తెరుచుకొనేటట్లు పెట్టించండి. బయట నడవ ఇరుకై అది వీలుకాకపోతే గోడ వెంబడి పక్కకు జరిగే తలుపు పెట్టవచ్చు. లోపలి గడియ బయటినుండి కూడా తీయడానికి వీలయినదిగా ఉండాలి. బయటివైపు చిన్న గాడి ఉండి, అందులో నాణెం పెట్టి తిప్పితే వచ్చే గడియలు నేడు బజారులో దొరుకుతున్నవి. వృద్ధులకే కాదు, లోపలికి పోయి గడియ వేసికొని, తీయడం తెలియక ఏడ్చే రెండేళ్ళ పిల్లలున్న ఇంటికి కూడా అవి అవసరం. పెద్దలు వాడే స్నానాలగదికి రెండున్నర అడుగుల వెడల్పు చాలునని మేస్త్రీలు చెప్పుతారు. మనిషి ఒక్కడే నడిచి పోయినంతకాలం అది చాలును. మరొకరు చేయి పట్టుకొని నడిపించవలసి వచ్చిననాడు చాలదు. వికలాంగుల సౌకర్యం కొరకు మన ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాలలో చక్రాలకుర్చీ పోవడానికి తలుపు తెరిచినప్పుడు 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడడుగులు, ఖాళీ ఉండాలని చెప్పినారు. ఈ కొలత ద్వారబంధానికి కాదు. రెక్క పూర్తిగా తెరిచిన తరువాత మిగిలే దారికి. పెద్దల పడకగదికీ, వారి స్నానాలగదికీ ఈ కొలత పాటిస్తే తరువాత గోడ పగులగొట్టే పని ఉండదు.

దీనికి సంబంధించినదే గడప. గడపకు పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టే ఆచారం మనది. తలవాకిలికి, దేవునిగదికి గడప ఉండవచ్చు. పూర్వం గడప ఎత్తుగా పెట్టడంలో వాననీరు, తేళ్ళు, పురుగూ పుట్రా లోపలికి రాకుండా చూచుకొనే ఉద్దేశం ఉండేది. ఇంటిలోపలి గదుల మధ్య ఆ భయం లేదు. అక్కడ ఎత్తు గడప ఉంటే రాత్రివేళ లేచిన పెద్దవారి కాలి బొటనవ్రేలికి తగలడం తప్ప వేరే ప్రయోజనం కనిపించదు. “గడప లేని వాకిలి ఏమి వాకిలి?” అనే పెద్దలు ఇంట్లో ఉంటే, నేలకు సమంగా వేరే రంగు బండ ఒకటి పరిపిస్తే సరిపోతుంది. బొట్టు పెట్టదలచినవారు దానికీ పెట్టుకోవచ్చు.

తలుపు ఎటు తెరుచుకోవాలి, ఎంత వెడల్పు ఉండాలి అన్న ఈ నిర్ణయాలన్నీ గోడ లేవకముందే జరగాలి. పునాది మీద ముగ్గుతో గదులు గీసిననాడే తలుపు తిరిగే అర్ధచంద్రాకారాన్ని కూడా ముగ్గుతో గీయించి చూడండి. మంచం ఎక్కడ వస్తుంది, బీరువా ఎక్కడ వస్తుంది, దీపాల మీట ఎక్కడ వస్తుంది? తలుపు తెరిస్తే మీట దాని వెనుక పడకూడదు. చీకటిలో తలుపు మూసి, వెనుక తడుముకొని దీపం వేసే ఇళ్ళు ఎన్నో చూచినాను. ద్వారబంధం గది మూలకు అంటుకొని ఉండకుండా నాలుగంగుళాలైనా గోడ వదిలితే రెక్క పూర్తిగా వెనుకకు పోతుంది. రెండు గదుల తలుపులు ఒకదానినొకటి కొట్టుకోకుండా చూడాలి. ద్వారాల సంఖ్య గురించి, దిక్కుల గురించి వాస్తు తెలిసినవారిని అడిగే అలవాటు మనకు ఉన్నది. ఆ అడిగే రోజుననే ఇంట్లో అందరికంటె పెద్దవారిని, అందరికంటె చిన్నవారిని కూడా ఆ ముగ్గుగదులలో ఒకసారి నడిపించి చూడవలసినదిగా నా మనవి.

ఇక కొయ్య సంగతి. ‘చేవ గల మనిషి’ అని మనము మెచ్చుకొంటాము. ఆ మాట వడ్రంగి ఇంటిలో పుట్టినదే. చెట్టు మ్రాను నడుమ ముదిరి రంగు తేలిన కొయ్యకు చేవ అని పేరు. దాని చుట్టూ బెరడుకు దగ్గరగా ఉండే తెల్లని లేతకొయ్యకు చెద, పురుగు త్వరగా పడతాయి. టేకు అయినంత మాత్రాన మంచి కొయ్య అని అనుకోరాదు. టేకులోనూ తెల్లకొయ్య ఉంటుంది. చేవ కలిగిన వేప, లేత టేకుకంటె మెరుగు. మన ప్రాంతంలో ద్వారబంధాలకు వేప, మద్ది, వేగి వంటి కొయ్యలు వెనుకటినుండి వాడుకలో ఉన్నవి. ఎర్రచందనాన్ని కూడా ఈ సీమలో ఒకప్పుడు ఇంటి స్తంభాలకు వాడేవారు. శేషాచలం మొదలైన మన కొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా అడవిగా పెరగని ఆ చెట్టు నేడు అంతరించే ప్రమాదంలో ఉన్నది. 1995 నుండి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒడంబడికలో కూడా దానిని చేర్చినారు. ఎవరైనా రహస్యంగా చౌకగా ఇప్పిస్తామంటే ఆశపడకండి. ఏ కొయ్య అయినా రసీదు తీసికొని కొనడం మంచిది.

చేవ చూచిన తరువాత చూడవలసినది ఆరుదల. కొయ్య తేమను పీల్చుకొంటే ఉబ్బుతుంది, వదిలితే కుంచించుకుపోతుంది. అయితే ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు, ఉన్నదంతా అడ్డంలోనే. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి, కోసిన తీరునుబట్టి అడ్డకొలతలో నూటికి సుమారు రెండున్నర నుండి ఐదు పాళ్ళవరకు తగ్గుతుంది. టేకు తక్కువగా మారే కొయ్య అని పేరు పొందినది. మిగిలిన పెక్కు కొయ్యలు ఇంకా ఎక్కువ మారుతాయి. ముప్పై అంగుళాల వెడల్పుగల చెక్కతలుపు నూటికి ఒక్క పాలు ఉబ్బినా ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య మనము వదిలే సందు ఒక్కొక్క పక్క మూడు మిల్లీమీటర్లు. మా స్నానాలగది తలుపు ఎందుకు బిగిసినదో ఈ లెక్కే చెప్పుతున్నది.

మన పూర్వపు వడ్రంగులు ఈ లెక్క కాగితంమీద వేయకపోయినా, ఎరిగి ఉన్నారు. పలకల తలుపును చూడండి. చుట్టూ సన్నని నిలువు, అడ్డ కమ్ములతో చట్రం కట్టి, కుసిని బెజ్జంలో బిగించి, నడుమ వెడల్పాటి పలకను గాడిలో వదులుగా నిలుపుతారు. ఆ పలకను జిగురుతో అంటించరు, మేకుతో కొట్టరు. వానకాలంలో అది గాడిలోనే ఉబ్బుతుంది, ఎండకాలంలో గాడిలోనే తగ్గుతుంది. తలుపు మొత్తం కొలత పెద్దగా మారదు. ఈ రహస్యం తెలియని పనివాడు సందు కనబడుతున్నదని పలక చుట్టూ జిగురు పోస్తే, మరుసటి వేసవికి పలక నడుమ నిలువునా పగులుతుంది. తలుపుకు వాడే కొయ్యలో తేమ నూటికి పది, పన్నెండు పాళ్ళకు దిగి ఉంటే మంచిది. దీనిని కొలిచే చిన్న పరికరం అడితీలలో ఉంటుంది; అడిగి చూపించుకోవచ్చు.

అన్ని గదులకూ పలకల తలుపులు చేయించే స్తోమత అందరికీ ఉండదు. అందుచేతనే సాపు తలుపులు, అంటే అంగడిలో ‘ఫ్లష్ డోర్’ అని అమ్మేవి, వాడుకలోకి వచ్చినవి. నడుమ కొయ్యముక్కలు దగ్గర దగ్గరగా పేర్చి, రెండు ముఖాలకు పల్చని పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి చేస్తారు. పొరలు అడ్డదిడ్డంగా ఉండడంచేత ఇవి పలకకొయ్యవలె ఎక్కువ ఉబ్బవు. మంచివయితే తక్కువ ఖర్చులో మిక్కిలి ఉపయోగకరమైనవి. వీటికి భారతీయ ప్రమాణం సంఖ్య 2202. కొనేటప్పుడు ఆ సంఖ్యతో ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదేమో చూడండి. ఏ జిగురుతో అంటించినారో అడగండి; నీటికి తట్టుకొనే జిగురు వేరు, తట్టుకోనిది వేరు. వ్రేలితో కొట్టి చూస్తే లోపల డొల్లగా ఉన్న తలుపు డప్పువలె మోగుతుంది. అట్టి తలుపు సామానుగదికి సరిపోతుంది కాని, పడసాలలో టెలివిజన్ మోగుతుండగా పక్కగదిలో నిద్రపోవలసిన పెద్దవారికి గాని, పరీక్షకు చదివే పిల్లకు గాని పనికిరాదు. తలుపు అంచుల నాలుగు వైపులా గట్టికొయ్య పట్టీ ఉండాలి. అది లేకపోతే బందుల మరమేకులు కొద్దికాలానికే వదులవుతాయి.

స్నానాలగదికి మాత్రం కొయ్య మీద మమకారం విడిచిపెట్టడమే మేలు. నీటికి చెడని ప్లాస్టిక్కు తలుపులు, కొయ్యపొడి ప్లాస్టిక్కు కలిపి చేసిన తలుపులు, గాజునార తలుపులు ఇప్పుడు దొరుకుతున్నవి. ద్వారబంధానికి మన ఊళ్ళలో నల్లరాతిని వాడే పద్ధతి ఉన్నది. రాయి చెదకు గాని, నీటికి గాని లొంగదు. రాతి సీమలో ఉన్న మనకు ఇది ప్రకృతి ఇచ్చిన వసతి.

ఇప్పుడు బిగింపు. ద్వారబంధం నిలబెట్టేటప్పుడు తూకపు గుండు వేలాడదీసి రెండు వైపులనుండి చూడాలి: గోడ ముఖంవైపు ఒకసారి, ద్వారం లోపలివైపు ఒకసారి. ఒక్కవైపే చూచి వదిలితే, తలుపు తనంతట తానే తెరుచుకోవడమో, మూసికోవడమో జరుగుతుంది. పై అడ్డకొయ్యకు రసమట్టం, మూలలకు మూలమట్టం పెట్టాలి. ఒక మూలనుండి ఎదుటి మూలకు దారం పట్టి కొలిస్తే రెండు కొలతలూ సమానంగా రావాలి. ఈ పరీక్షకు చదువు అక్కరలేదు, ఇంటి ఇల్లాలు కూడా చేసి చూచుకోవచ్చు. గోడలోకి పోయే ఇనుప పట్టీలు ఒక్కొక్క పక్క మూడైనా ఉండాలి. గోడకు ఆనే కొయ్యముఖానికి ముందే రంగుపూత వేయాలి. ద్వారబంధపు కాళ్ళను నేలలో పాతిపెడితే నేల కడిగిన ప్రతిసారీ అవి నీరు పీల్చి పుచ్చిపోతాయి. బండమీద నిలబెట్టడం మంచిది.

గోడ పూత, నేల పని పూర్తి అయి చెమ్మ బాగా ఆరిన తరువాతనే రెక్కలు బిగించాలి. ఇది పెద్ద ఆచారిగారి మాట. నేను ఖరీదు చెల్లించి నేర్చుకొన్నది. తెచ్చిన తలుపులను గోడకు ఏటవాలుగా చేరవేస్తే వంకర తిరుగుతాయి. సమంగా నేలమీద, కింద కొయ్యదిమ్మలు పెట్టి, పరుండబెట్టి, కొన్నాళ్ళు అదే ఇంటి గాలికి అలవాటు పడనివ్వాలి. ఏడడుగుల తలుపుకు బందులు మూడు తక్కువ కాకుండా ఉండాలి. బందు మందమంత గాడి ఉలితో తీసి, అందులో కూర్చోబెట్టాలి. మరమేకును స్క్రూడ్రైవరుతో త్రిప్పి ఎక్కించాలి కాని, సుత్తితో కొట్టరాదు. సుత్తితో కొట్టిన మరమేకు కొయ్యనారలను చీల్చివేస్తుంది. అప్పటికి గట్టిగానే కనిపించి, సంవత్సరంలోగా వదులవుతుంది. మన పనివారిలో చాలామందికి ఈ దురలవాటు ఉన్నది. దగ్గర కూర్చుని మంచిమాటతో మాన్పించాలి. స్నానాలగదికి తుప్పుపట్టని ఉక్కు బందులే వాడాలి.

రంగు వేసేవారు తలుపుకు రెండు ముఖాలు, రెండు పక్కలు వేసి చేతులు దులుపుకొంటారు. పై అంచు, కింది అంచు ఎవరికీ కనిపించవు గనుక వదిలేస్తారు. తేమ ఎక్కువగా లోపలికి పోయేది ఆ రెండు దారులనే. రెక్క బిగించకముందే ఆరు ముఖాలకూ పూత పడినదో లేదో మీ కళ్ళతో చూచుకోండి.

తలుపు బిగువుగా ఉండాలని ఇంతసేపు చెప్పి, గాలి ఆడాలని చెప్పడం మరచిపోరాదు. ఈ మాట మదనపల్లె వారికి కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని క్షయ చికిత్సాలయం 1915 నాటిది. అక్కడ మొదటి వైద్యాధికారిగా పనిచేసిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ కాలానికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టినది 1943లో. అంతవరకు ఆనాటి వైద్యులు ఇచ్చినవి విశ్రాంతి, మంచి ఆహారం, తెరిచిన ద్వారాలగుండా వచ్చే చల్లని గాలి. దేశం నలుమూలలనుండి రోగులు ఈ కొండల గాలి కొరకు వచ్చినారు. మందులు వచ్చిన తరువాత కూడా గాలి విలువ తగ్గలేదు. గాలి ఆడే గదిలో అంటువ్యాధి వ్యాప్తి తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఆసుపత్రుల కొరకు ప్రకటించిన సూచనలలో కూడా నొక్కి చెప్పినది. కాబట్టి పడకగది తలుపు పైన చిన్న కిటికీవంటిది, లేదా కింద అర అంగుళం సందు ఉంచుకోవడం మంచిది.

రెండు చోట్ల గాలి ప్రాణంతో సమానం. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారితే నేలకు దగ్గరగా పేరుకొంటుంది. కాబట్టి వంటింటి తలుపు కింద సందు మూసివేయరాదు. వాసన వస్తే దీపం మీట ముట్టకుండా, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి రావాలి. రెండవది, గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం. మూసిన స్నానాలగదిలో అది మండుతుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుట్టవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేసేవారికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. ఆ యంత్రాన్ని గది బయట, గాలి ధారాళంగా ఆడే చోటనే పెట్టించాలి. తలుపు ఎంత మంచిదయితే, ఎంత బిగువుగా పడితే, ఈ ప్రమాదం అంత ఎక్కువ.

ఇన్ని జాగ్రత్తలకు డబ్బు ఎక్కడినుండి తేవాలని అడుగుతారేమో. వీటిలో చాలావాటికి డబ్బు అక్కరలేదు. తలుపు ఎటు తెరుచుకోవాలో నిర్ణయించడానికి ఖర్చు లేదు. గోడ ఆరేవరకు ఆగడానికి ఖర్చు లేదు. మరమేకు త్రిప్పడానికీ, తలుపు కింది అంచుకు రంగు పూయడానికీ అయ్యే ఖర్చు లెక్కలోనిది కాదు. నిజంగా ఖర్చయ్యే చోట, తలవాకిలి మీద ఒక ఏనుగును తగ్గించి చెక్కించుకొంటే స్నానాలగదికి మంచి తలుపు వస్తుంది.

ఆ మరుసటి వేసవిలో పెద్ద ఆచారిగారికి కబురు పంపినాను. ఆయన వచ్చినారు. “ఆనాడే చెప్పితిని గదా” అని ఒక్కమాట కూడా అనలేదు. తలుపు ఊడదీసి, బందులు మార్చి, రాతి ద్వారబంధానికి కొత్త తలుపు బయటికి తెరుచుకొనేటట్లు బిగించినారు. పని ముగించి, మా నాయనగారిని పిలిచి, “అయ్యా, మీరే ఒకసారి చూడండి” అన్నారు. మా నాయనగారు చేతికర్ర కొనతో తలుపును తాకినారు. అది చప్పుడు లేకుండా తెరుచుకొన్నది. మరల ముందుకు లాగినారు, మూసికొన్నది. అట్లా రెండుమూడుసార్లు చేసి, నా వైపు తిరిగి, “తలవాకిలికంటె ఇదే బాగుంది” అన్నారు.

మీ ఇంటిలో రేపు ఎవరైనా ఆ మాట అనగలిగితే, ఈ పదిహేను నిమిషాలు మీ సమయం తీసికొన్నందుకు నాకు చింత ఉండదు.